నీళ్ళ లెక్క తప్పో ఒప్పో తేల్చేదెలా?

లెక్కల పుస్తకం చేతికి రాగానే మీలో చాలామంది ముందు తిప్పి చూసేది చివరి పేజీలు. జవాబులు ఉండేది అక్కడే గదా! లెక్క చేయటం, వెనక్కు తిప్పి చూడటం. కలిస్తే సంతోషం, కలవకపోతే మళ్ళీ మొదటికి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. సముద్రాల మీద, సరస్సుల మీద లెక్కలు కట్టే పెద్ద శాస్త్రజ్ఞులు కూడా అచ్చంగా ఇదే పని చేస్తారు.

అయితే వాళ్ళకొక చిక్కు ఉంది. వాళ్ళు చేయవలసిన అసలు లెక్కకు జవాబు ఏ పుస్తకం చివరా ఉండదు.

1977 నవంబరు 19వ తేదీని మీ ఇంట్లో పెద్దవాళ్ళు మరచిపోయి ఉండరు. ఆనాడు ఒక పెను తుఫాను ఆంధ్ర తీరాన్ని తాకింది. దివిసీమలో సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళ మీద పడింది. వేలమంది చనిపోయారు. ప్రాణాలు ఎక్కువగా తీసింది గాలి కాదు, నీరు. గాలి తోసుకు వచ్చిన ఆ నీటినే మనం ఉప్పెన అంటాం.

తుఫాను ఇంకా సముద్రం మీద ఉండగానే, ఉప్పెన ఏ ఊరి దగ్గర ఎంత ఎత్తు లేస్తుందో చెప్పగలిగితే ఎన్నో ప్రాణాలు దక్కుతాయి. ఆ పని ఇప్పుడు కంప్యూటర్లు చేస్తున్నాయి. కాని కంప్యూటరు "ఇక్కడ 2 మీటర్లు" అని చెప్పి, అసలు నీరు 5 మీటర్లు లేస్తే? "ఈ యంత్రం చెప్పింది నమ్మవచ్చు" అని ముందుగా ఎలా తెలుసుకోవటం? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం. ఇందుకు కావలసిన సామాను ఒక ట్రే, కాసిని నీళ్ళు, ఒక పెన్సిలు, గళ్ళ కాగితం.

నీటిని గళ్ళుగా కోద్దాం

సముద్రంలో నీరు ఒక చోటని కాదు, అన్ని చోట్లా కదులుతూనే ఉంటుంది. ఒక్కొక్క చుక్క కదలికనూ లెక్కించటం ఎవరి తరమూ కాదు. అందుకని శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు. సముద్రం పటం మీద గళ్ళ కాగితం పరచినట్లు ఊహించండి. ఒక్కొక్క గడిలో నీటి మట్టం ఎంతో ఒకే ఒక సంఖ్య రాసుకుంటారు. పక్కపక్క గళ్ళ మధ్య నీరు ఎంత వేగంతో పోతున్నదో మరొక సంఖ్య. ఇక సముద్రమంతా సంఖ్యల పట్టికే! దీనినే సంఖ్యా నమూనా అంటారు.

ఈ సంఖ్యలను నడిపించేవి రెండే సూత్రాలు. మొదటిది: మట్టం ఎక్కువ ఉన్న గడి నుంచి తక్కువ ఉన్న గడి వైపు నీరు వేగం పుంజుకుంటుంది. ఇది న్యూటన్ నియమమే. రెండవది: ఒక గడిలోకి వచ్చిన నీరు, పోయిన నీటికన్న ఎక్కువైతే అక్కడ మట్టం పెరుగుతుంది; తక్కువైతే తగ్గుతుంది. బ్యాంకు పుస్తకంలో జమా ఖర్చుల వంటిదే. కంప్యూటరు చేసేదల్లా కొద్ది సెకండ్ల కొకసారి ఈ రెండు సూత్రాలనూ ప్రతి గడికీ వర్తింపజేసి, పట్టికను తిరగ రాయటం.

వినటానికి సులభమే. కాని నిజమైన నీరు గళ్ళుగా ఉండదు గదా! కాలం కూడా అంచెలంచెలుగా గెంతదు. కనుక ఈ పద్ధతిలో ఎంతో కొంత తప్పు ఉండి తీరుతుంది. ఎంత తప్పు? అది తెలియాలంటే జవాబు తెలిసిన లెక్క ఒకటి కావాలి.

జవాబు తెలిసిన లెక్క

నిలువు అంచులున్న పొడుగుపాటి ట్రే ఒకటి తీసుకోండి. లోపలి పొడవు 50 సెంటీమీటర్లు ఉన్నదనుకుందాం. అందులో 2.5 సెంటీమీటర్ల లోతు నీళ్ళు పోయండి. రెండు చుక్కల సిరా వేస్తే బాగా కనబడుతుంది. ఒక చివరను ఒక్క సెంటీమీటరు ఎత్తి, మెల్లగా దించండి. నీరు ఈ చివర లేచినప్పుడు ఆ చివర దిగుతుంది. ఆ చివర లేచినప్పుడు ఈ చివర దిగుతుంది. ఉయ్యాల బల్ల ఊగినట్లే. నీరు ఒక చివర నుంచి బయలుదేరి మళ్ళీ అదే చివర లేచేదాకా ఒక ఊపు. అయిదు ఊపులకు ఎంత కాలం పట్టిందో గడియారంలో చూడండి. సుమారు 10 సెకండ్లు పడుతుంది. అంటే ఒక్కొక్క ఊపుకు 2 సెకండ్లు.

ఈ కాలాన్ని ట్రే ముట్టకుండానే చెప్పే సూత్రం ఒకటి ఉంది. దాన్ని 1828లో మేరియన్ అనే స్విట్జర్లాండు గణిత శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం కట్టండి. అది తరంగ వేగం. పొడవును రెట్టింపు చేసి ఆ వేగంతో భాగించండి. అదే ఆవర్తన కాలం. మన ట్రేకు కట్టి చూద్దాం: 9.8 ను 0.025తో గుణిస్తే 0.245. దాని వర్గమూలం సుమారు 0.495. పొడవు రెట్టింపు 1 మీటరు. 1 ని 0.495తో భాగిస్తే 2.02 సెకండ్లు. కలిసింది చూశారా!

ఒక్క షరతు మాత్రం ఉంది. పొడవుతో పోలిస్తే లోతు బాగా తక్కువగా ఉండాలి. సరస్సులకూ, తీరానికి దగ్గరి సముద్రానికీ ఈ షరతు చక్కగా సరిపోతుంది.

గళ్ళూ లేవు, అంచెలూ లేవు, ఉజ్జాయింపూ లేదు. సమీకరణాన్ని పూర్తిగా సాధించి తెచ్చిన ఇలాంటి జవాబును విశ్లేషణాత్మక సాధన అంటారు. మన పుస్తకం చివర అచ్చువేసిన జవాబు ఇదన్నమాట.

పెన్సిలుతో ఒక నమూనా

ఇప్పుడు ట్రేను పక్కన పెట్టి, పెద్ద నీటి మడుగును ఊహించుకుందాం. పొడవు 10 కిలోమీటర్లు, లోతు అంతటా 10 మీటర్లు, చుట్టూ నిలువు గోడలు. మేరియన్ సూత్రం ప్రకారం దీని ఆవర్తన కాలం 2,020 సెకండ్లు, అంటే సుమారు 34 నిమిషాలు.

దీన్ని రెండే రెండు గళ్ళుగా కోద్దాం. ఒక్కొక్కటి 5 కిలోమీటర్లు. ఎడమ గడిలో మట్టం మామూలు కన్న 10 సెంటీమీటర్లు ఎక్కువ, కుడి గడిలో 10 సెంటీమీటర్లు తక్కువ. ఒక్కొక్క అంచె 60 సెకండ్లు. ఇక మొదలుపెడదాం.

రెండు మట్టాల తేడా 0.2 మీటరు. గడి మధ్య నుంచి గడి మధ్యకు దూరం 5,000 మీటర్లు. 0.2 ను 5,000తో భాగించి 9.8తో గుణిస్తే త్వరణం 0.000392 వస్తుంది. 60 సెకండ్లలో వేగం సెకండుకు 0.0235 మీటరు అవుతుంది. ఆ వేగంతో 10 మీటర్ల లోతు నీరు 60 సెకండ్లపాటు పోతే, మడుగు వెడల్పులో ప్రతి మీటరుకూ 14.1 ఘనపు మీటర్ల నీరు కుడి గడిలోకి చేరుతుంది. దాన్ని 5,000 మీటర్ల గడి అంతటా పరిస్తే మట్టంలో మార్పు 2.8 మిల్లీమీటర్లు. కనుక ఎడమ మట్టం 10 నుంచి 9.72 సెంటీమీటర్లకు దిగింది. కుడి మట్టం అంతే పెరిగింది.

ఇదే పని మళ్ళీ చేయండి. ఈసారి తేడా 19.44 సెంటీమీటర్లు. పాత వేగానికి కొత్త వేగం కలుస్తుంది. మట్టం 9.16 సెంటీమీటర్లకు దిగుతుంది. ఇలా చేసుకుంటూ పోతే తొమ్మిదో అంచెలో ఎడమ మట్టం సున్న దాటి కిందికి పోతుంది. ఆపకుండా సాగిస్తే నీరు తిరిగి ఎడమకు వస్తుంది, మళ్ళీ పోతుంది. మట్టం ఒకసారి సున్న దాటి దిగినప్పటి నుంచి రెండోసారి అలాగే దిగేదాకా లెక్కపెడితే 37 అంచెల పైచిలుకు, అంటే సుమారు 2,240 సెకండ్లు.

అసలు జవాబు 2,020. మనకు వచ్చింది 2,240. నూటికి 11 వంతులు ఎక్కువ! రెండే గళ్ళతో సరస్సును లెక్కకడితే ఇంతకన్న బాగా ఎలా వస్తుంది? ఆ మాటకొస్తే ఇంత దగ్గరగా రావటమే విశేషం.

గళ్ళు పెంచితే?

ఇప్పుడు గళ్ళను రెట్టింపు చేసుకుంటూ పోదాం. కాలపు అంచెను చాలా చిన్నదిగా, ఒక్క సెకండుగా తీసుకుందాం. ఇది పెన్సిలు పని కాదు, కంప్యూటరు పని. వచ్చే జవాబులు ఇవి:

2 గళ్ళు: 2,244 సెకండ్లు, తప్పు 224
4 గళ్ళు: 2,073 సెకండ్లు, తప్పు 53
8 గళ్ళు: 2,033 సెకండ్లు, తప్పు 13
16 గళ్ళు: 2,023 సెకండ్లు, తప్పు 3

చివరి అంకెలను ఒకసారి జాగ్రత్తగా చూడండి. 224, 53, 13, 3. గళ్ళు రెట్టింపు అయినప్పుడల్లా తప్పు సుమారు నాలుగో వంతుకు దిగుతున్నది. ఇది యాదృచ్ఛికం కాదు. మనం వాడిన పద్ధతిలో తప్పు గడి పొడవు వర్గాన్ని అనుసరించి ఉంటుందని గణితం ముందే చెబుతుంది. గడి సగమైతే తప్పు నాలుగో వంతు కావాలి. అయింది.

శాస్త్రజ్ఞులు వెతికేది జవాబు దగ్గరగా వచ్చిందా లేదా అని మాత్రమే కాదు. తప్పు తగ్గవలసిన తీరులో తగ్గుతున్నదా అని కూడా చూస్తారు. ఎందుకో రెండు ఉదాహరణలతో చూద్దాం.

కంప్యూటరుకు సూచనలు రాసేవాడు 9.8 అని కొట్టబోయి 8.9 అని కొట్టాడనుకోండి. గళ్ళు ఎన్ని పెంచినా జవాబు 2,020కి చేరదు. 2,120 దగ్గర ఆగిపోతుంది. 100 సెకండ్ల తేడా మొండిగా అక్కడే కూర్చుంటుంది. గళ్ళు పెంచినా తగ్గని తప్పు, గళ్ళవల్ల వచ్చిన తప్పు కాదు. సూచనలలో దూరిన పొరపాటు.

ఇంకొకడు ఒక చివర గోడను అర గడి దూరంగా పెట్టాడు. 16 గళ్ళప్పుడు తప్పు 3 సెకండ్లు ఉండవలసింది 60 దాటిపోతుంది. గళ్ళు పెంచితే తగ్గుతుంది, నిజమే. కాని నాలుగో వంతుకు కాదు, సగానికి మాత్రమే. ఆ తగ్గే తీరు చూసి అనుభవజ్ఞులు "ఎక్కడో అంచు దగ్గర పొరపాటుంది, వెతుకు" అంటారు. వైద్యుడు నాడి చూసి చెప్పినట్లే!

మూడో రకం తప్పు దానంతట అదే బయటపడుతుంది. 16 గళ్ళప్పుడు ఒక్కొక్క గడి 625 మీటర్లు. తరంగం సెకండుకు 9.9 మీటర్లు పోతుంది. గడి దాటటానికి 63 సెకండ్లు పడుతుంది. మనం కాలపు అంచెను 70 సెకండ్లు పెట్టామనుకోండి. ఒక్క అంచెలోనే తరంగం గడిని దాటిపోతుంది; లెక్క దాన్ని అందుకోలేదు. ఇక అంకెలు పట్టు తప్పుతాయి. 10 సెంటీమీటర్ల అల కాస్తా మీటర్లు, ఆపైన కిలోమీటర్లు అవుతుంది! ఈ హద్దును కురాంట్, ఫ్రీడ్రిక్స్, లూయీ అనే ముగ్గురు గణిత శాస్త్రజ్ఞులు 1928లోనే చెప్పారు. ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు అప్పటికి పుట్టనే లేదు.

గాలి తిప్పే నీరు

ఊగే నీటి పరీక్షలో నెగ్గితే చాలా? చాలదు. సరస్సులో నీరు ఊగటమే కాదు, గుండ్రంగా తిరుగుతుంది కూడా. గాలి ఒకే వైపు విడవకుండా వీస్తున్నదనుకోండి. పైన ఉన్న నీరు గాలితో పాటు పోతుంది. ఎదురుగా గట్టు ఉన్నది గదా, అక్కడ నీరు పోగుపడి మట్టం కొంచెం లేస్తుంది. ఆ లేచిన నీరు అడుగు నుంచి వెనక్కు తిరిగి వస్తుంది. పైన ముందుకు, అడుగున వెనక్కు. ఇదే నీటి ప్రసరణ.

దీనికీ ఒక విశ్లేషణాత్మక సాధన ఉంది. నీటి జిగట పై నుంచి అడుగు దాకా ఒకటే అనీ, అడుగున నేలను అంటిన నీరు కదలదనీ అనుకుంటే, జవాబు ఎంతో అందంగా వస్తుంది. మడుగు మధ్యలో, పై నుంచి సరిగ్గా మూడో వంతు లోతులో నీటి వేగం సున్న. దానికి పైన నీరు గాలి వైపు, కింద ఎదురు వైపు. వెనక్కు వచ్చే ప్రవాహం అన్నిటికన్న జోరుగా ఉండేది మూడింట రెండు వంతుల లోతులో. దాని వేగం పైనున్న వేగంలో సరిగ్గా మూడో వంతు. మన మడుగు లోతు 10 మీటర్లు కనుక, పైన నీరు సెకండుకు 15 సెంటీమీటర్ల వేగంతో పోతుంటే, 3.3 మీటర్ల లోతులో నిలిచి ఉంటుంది, 6.7 మీటర్ల లోతులో 5 సెంటీమీటర్ల వేగంతో వెనక్కు వస్తుంది.

ఇక నమూనాకు పరీక్ష పెట్టటం తేలిక. లోతును 12 పొరలుగా కోయండి. కంప్యూటరు లెక్కలో నాలుగో పొర అడుగున వేగం సున్న అవుతున్నదా? ముందుకు పోయిన నీరూ, వెనక్కు వచ్చిన నీరూ సమానంగా ఉన్నాయా? లేకపోతే నీరు ఎక్కడో పుడుతున్నట్లో, మాయమవుతున్నట్లో లెక్క. అలాంటి నమూనాను నమ్మరాదు.

ఈ సాధన ఇంకొక సంగతి కూడా చెబుతుంది. గాలి జోరు ఒకటే అయినా, లోతు సగమైతే గట్టు దగ్గర మట్టం రెట్టింపు లేస్తుంది. లోతు తక్కువైన తీరాలలో ఉప్పెన ఎందుకంత భయంకరంగా ఉంటుందో ఇప్పుడు అర్థమయిందా?

అన్నిటికన్న సులభమైన పరీక్ష మరొకటుంది. దాని జవాబు సున్న. మడుగు అడుగున ఎత్తుపల్లాలు పెట్టండి. గాలి ఆపేయండి. మట్టం అంతటా సమానంగా ఉంచండి. నీరు కదలకూడదు. ఇదేం పరీక్ష అని నవ్వకండి. అడుగు వాలును లెక్కలో సరిగా కలపకపోతే, కంప్యూటరులోని నీరు గాలి లేకుండానే గుట్టల చుట్టూ ప్రదక్షిణం మొదలుపెడుతుంది!

పరీక్ష నెగ్గినంత మాత్రాన...

ఈ పరీక్షలన్నీ నెగ్గితే నమూనా నిజం చెబుతుందని అర్థమా? ఇక్కడ తొందరపడకూడదు. స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశాల మధ్య జెనీవా సరస్సు ఉన్నది. ఆ సరస్సు నీరు మన ట్రేలో నీటి లాగే అప్పుడప్పుడు ఊగుతుంది. ఆ ఊపును అక్కడివారు సేష్ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో ఫోరెల్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు ఎంతో ఓపికతో దాన్ని కొలిచాడు. ఒక ఊపుకు సుమారు 73 నిమిషాలు. సరస్సు పొడవు సుమారు 70 కిలోమీటర్లు, సగటు లోతు సుమారు 150 మీటర్లు. మేరియన్ సూత్రంలో వేసి చూడండి. 61 నిమిషాలు వస్తుంది.

సూత్రం తప్పా? కాదు. సూత్రం నిలువు గోడల మడుగుకు చెందినది. జెనీవా సరస్సు నెలవంకలా వంగి ఉంటుంది. ఒక కొస ఇరుకు, లోతు తక్కువ. సూత్రం అడిగిన లెక్క వేరు, ప్రకృతి ఇచ్చిన లెక్క వేరు. నమూనాల అవసరం వచ్చేది సరిగ్గా ఇక్కడే. వంకర గట్లు, ఎగుడు దిగుడు అడుగు ఉన్న నీటికి చక్కని సూత్రం దొరకదు. గళ్ళు మాత్రం ఏ ఆకారంలోనైనా పేర్చవచ్చు.

అందుకే పరీక్షలు రెండు. మొదటిది: సమీకరణాలను నమూనా సరిగా సాధిస్తున్నదా? దీనికి జవాబు విశ్లేషణాత్మక సాధనలు చెబుతాయి. రెండోది: అసలు ఆ సమీకరణాలు ప్రకృతికి సరిపోతున్నాయా? దీనికి జవాబు సరస్సు ఒడ్డున, సముద్రపు ఒడ్డున కొలిచిన కొలతలే చెప్పాలి. మొదటి పరీక్ష తప్పిన నమూనాను రెండో పరీక్షకు కూర్చోబెట్టకూడదు. ఒకవేళ రెండు తప్పులు ఒకదానినొకటి కొట్టుకుని జవాబు సరిగా కనిపించినా, తరువాతి తుఫానుకు అది మోసం చేస్తుంది.

దివిసీమ ఉప్పెన కూడా అలాంటి రెండో పరీక్షే అయింది. ఢిల్లీ ఐ.ఐ.టి., ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు కలిసి 1977 ఉప్పెనను కంప్యూటరు మీద మళ్ళీ లేపి చూశారు. ఆ పరిశోధన 1981లో అచ్చయింది. నేడు తుఫాను వస్తున్నదంటే భారత వాతావరణ శాఖ, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇలాంటి నమూనాలతోనే ఉప్పెన ఎత్తును ముందుగా లెక్కగట్టి హెచ్చరికలు పంపుతాయి. ఆ హెచ్చరిక విని ఒక కుటుంబం ఇల్లు వదిలి తుఫాను షెల్టరుకు నడుస్తుంది. లెక్క ఎక్కువ చెప్పి ఊరికే పరుగెత్తిస్తే, వచ్చేసారి ఆ కుటుంబం కదలకపోవచ్చు. తక్కువ చెబితే ఏమవుతుందో దివిసీమకు తెలుసు.

ఇక మీ వంతు. పైన రెండు గళ్ళ లెక్కను నేను రెండు అంచెలే చేసి చూపించాను. మిగిలినవి మీరు చేయండి. ఎడమ మట్టం మొదటిసారి సున్న దాటి దిగేది 8, 9 అంచెల మధ్య. రెండోసారి అలాగే దిగేది 46, 47 అంచెల మధ్య రావాలి. వస్తే మంచిదే. రాకపోతే పేజీ తిప్పి మళ్ళీ మొదటి నుంచి చూసుకోండి. తప్పు ఎక్కడ దొర్లిందో వెతికి పట్టుకున్ననాడు, ఈ శాస్త్రంలో సగం మీకు వచ్చేసినట్లే.